చుక్క పెట్టి దాచిన కూత

కంప్యూటర్ నేర్పేవాళ్ళు స్టార్ గుర్తు దగ్గరికి రాగానే “ఇది అన్నిటికీ గుర్తు” అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నిటికీ కాదు. నేను అమ్రాబాద్ వైపు ఒక కాలేజీలో పిల్లలకు లైనక్స్ నేర్పుతాను. మిగతా పాఠాలు గబగబా నడిపించినా ఆ గుర్తు దగ్గర మాత్రం ఒక పూటంతా ఆగుతాను. “మేడం, గింత చిన్న ముచ్చటకు గింత లొల్లి ఎందుకు” అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ చిన్న ముచ్చట మీదనే మా నాయిన మంద నిలబడింది.

మా నాయిన గొర్రెల కాపరి. మా తాత కూడా అంతే. మా ఊరు నల్లమల అంచున ఉంటుంది. ఇటు చూస్తే పత్తి చేన్లు, అటు చూస్తే అడవి, మధ్యలో రాళ్ళ గుట్టలు. ఆ గుట్టల మీద మందను మేపడమంటే కట్టె పట్టుకుని వెనక నడవడం కాదు. గొర్రెలు తల వంచుకుని మేస్తూ పోతుంటాయి, ఎంత దూరం పోయాయో వాటికే తెలియదు. వాటిని తిప్పేది గొంతు. మందను ఇంటికి మళ్ళించడానికి ఒక కూత, నీళ్ళకు పిలవడానికి ఒకటి, చిరుత వాసన తగిలినప్పుడు ఉన్నచోటనే గుంపుగా నిలబెట్టడానికి ఒకటి. మా ఊళ్ళో ఏ ఇద్దరు కాపరుల కూతలూ ఒక్కలాగా ఉండవు. నాయిన గుట్ట మీద నుంచి కూత వేస్తే పక్కవాళ్ళ గొర్రెలు చెవి కూడా కదిపేవి కావు, మావి మాత్రం నోట్లో గడ్డి నోట్లో ఉండగానే తిరిగేవి.

ఆయనకు బీడీ అలవాటు. అడవిలో ఒక్కడే తిరిగే మనిషికి అదొక తోడని అమ్మ కూడా అడ్డు చెప్పలేదు. గొంతు బొంగురు పోతే మిరియాల పాలు ఇచ్చాం, ఎవరో చెప్పిన కషాయం ఇచ్చాం, మహబూబ్‌నగర్‌లో చూపించాం. చివరికి హైదరాబాద్ దవాఖానలో గొంతులో మాట పుట్టే భాగాన్ని మొత్తం తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు, ఊపిరి అక్కడి నుంచే. మాట లేదు. నోట్లోకి గాలి రాదు కాబట్టి ఈల కూడా లేదు. ప్రాణం దక్కింది కదా అని అందరూ మమ్మల్ని ఓదార్చారు. మేమూ సంతోషపడ్డాం. కొన్నాళ్ళ దాకా మందను గురించి ఎవరం ఆలోచించలేదు.

ఆయన దవాఖానలో ఉన్నన్ని రోజులూ మందను మా చిన్నాయన తన గొర్రెలతో కలిపి మేపాడు. నాయిన ఇంటికి వచ్చాక మా తమ్ముడు తోలుకుపోవడం మొదలుపెట్టాడు. వాడు పాలిటెక్నిక్ చదువుతూ మధ్యలో ఆపి వచ్చాడు, నాయిన దగ్గర కూత పట్టుకోనేలేదు. పాపం, శాయశక్తులా అరిచేవాడు. గొర్రెలు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడేవి. వాడు వాటి వెనక ఉరికేవాడు, అవి వాడికంటే ముందు ఉరికేవి. ఒకరోజు పత్తి చేన్లో పడ్డాయి, ఆ రైతు మా వాకిట్లోకి వచ్చి నిలబడి తిట్టాడు. ఇంకోరోజు సాయంత్రం రెండు గొర్రెపిల్లలు గుట్ట మీదే ఉండిపోయాయి. తెల్లారి పోయి చూస్తే రక్తపు మరకలే ఉన్నాయి.

ఆ మర్నాడు నాయిన గొంగడి భుజాన వేసుకుని తానే బయలుదేరాడు. చేతిలో ఒక ఖాళీ నూనె డబ్బా. దాన్ని కట్టెతో కొట్టి పిలుద్దామని ఆయన ఆలోచన. ఆ మోతకు గొర్రెలు బెదిరి నాలుగు దిక్కులా పరుగెత్తాయి. మధ్యాహ్నం కల్లా ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు, మందను తమ్ముడూ చిన్నాయనా వెతికి తెచ్చారు. నాయిన గొంగడి తీసి దూలానికి వేలాడేసి, దొడ్డికి వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మ అన్నం పెడితే కంచం పక్కకు జరిపాడు.

అమ్మ ఏడవలేదు. అమ్మ తొందరగా నిర్ణయాలు తీసుకునే మనిషి. “అమ్మేద్దాం. వచ్చే సంతకు ఆ బేరగాణ్ణి రమ్మంట. పోరడు గిట్ల ఎన్ని దినాలు ఉరుకుతడు? మీ నాయినకు నేను చెప్త” అంది, సెలవు పెట్టి ఇంటికి వచ్చి ఉన్న నాతో. చెప్పాల్సిన పని లేదు, నాయిన వింటూనే ఉన్నాడు. ఆయన ముఖం చూశాను. దవాఖానలో కత్తి పెడతామని చెప్పిన రోజు కూడా ఆ ముఖం అట్లా కాలేదు. ఆ మంద పోతే ఈ మనిషి మిగలడు అని నాకు ఆ క్షణాన తెలిసిపోయింది.

“సంత దాకా ఆగు అమ్మా. నాయిన కూత నా దగ్గర ఉన్నది” అన్నాను.

నిజంగానే ఉండింది. తెలంగాణ వచ్చిన తొలి రోజుల్లో నేను మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. సాయంత్రాలు ఒక కంప్యూటర్ షాపులో క్లాసులకు పోయేదాన్ని. ఆ షాపు నడిపేది ఒక ముస్లిం పెద్దమనిషి, అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయనే నాకు ఒక పాత ల్యాప్‌టాప్ ఇప్పించి, దానికి విండోస్ బరువు ఎక్కువవుతుందని లైనక్స్ వేసి ఇచ్చాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నాయిన పాడే మల్లన్న పాటలు ఫోన్లో రికార్డు చేసి ఆ ల్యాప్‌టాప్‌లో దాచుకునేదాన్ని. హాస్టల్లో బెంగ పట్టినప్పుడు వినేదాన్ని. ఒకసారి ఆయనకు తెలియకుండా గుట్ట మీద ఆ మూడు కూతలూ రికార్డు చేశాను.

ఇంటికి వచ్చి వినిపిస్తే మురిసిపోతాడనుకున్నాను. కోపం వచ్చింది. నా మీద గొంతు లేపింది ఆ ఒక్కసారే. “పాటలు ఎన్నన్న వట్టుకో బిడ్డ. గిది పాట గాదు. గిది మన దొడ్డికి తాళపుచెవి” అన్నాడు. వాళ్ళ నాయిన కాలంలో ఎవడో ఒక కాపరి దగ్గర జీతానికి ఉన్నట్టు నటించి, కూత నేర్చుకుని, ఒక పొద్దుగాల మందనంతా దానితోనే అడవిలోకి పిలుచుకుపోయాడట. అప్పటి నుంచి మా వాళ్ళలో కూతను పరాయివాళ్ళ ముందు వేసి చూపించరు, దాని గురించి మాట్లాడరు. గుట్ట మీద నుంచి దూరంగా వినబడితే పట్టుబడేది కాదు అది, దగ్గరుండి పదే పదే వినాలి. తండ్రి దగ్గర కొడుకు పట్టుకోవాలి, అంతే. నేను బతిమాలితే చివరికి మెత్తబడ్డాడు. “ఉంచుకుంటే ఉంచుకో. గని ఎవ్వలకు కనవడొద్దు. నీ తమ్మునికి గూడ. వాడు దోస్తులందరి ఫోన్లల్ల ఏస్తడు” అన్నాడు. అందులో అబద్ధం లేదు. వాడు అంత పనీ చేసేవాడే.

లైనక్స్‌లో ఫైలు పేరుకు ముందు ఒక చుక్క పెడితే అది మామూలుగా చూసేవాళ్ళకు కనబడదు. భాయ్ క్లాసులో నేర్చుకున్న మొదటి ముచ్చట్లలో అదొకటి. పాటలున్న ఫోల్డర్లోనే ఆ మూడు కూతల పేర్ల ముందు చుక్క పెట్టి దాచాను. నాకు ఉద్యోగం వచ్చి కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక పాతది ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని తమ్ముడు వాడుకుంటున్నాడు.

అమ్మతో ఆ మాట అని లోపలికి పోయి పాత ల్యాప్‌టాప్ తెరిచాను. పాటల ఫోల్డర్ ఖాళీ. తమ్ముణ్ణి పిలిచాను.

“జాగ సాల్తలేదని తీసిన అక్కా. ఉత్తగ తియ్యలె, అన్ని నా ఫోన్ కార్డుల కాపీ జేసినంకనే తీసిన” అన్నాడు.

“ఆ ఫోన్ ఏది?”

వాడు తల దించుకున్నాడు. ఆ ఫోను హైదరాబాద్ దవాఖానలో, నాయిన ఆపరేషన్ నాడు, వరండాలో పడుకున్నప్పుడు ఎవరో కొట్టేశారు. ఆ సంగతి నాకూ తెలుసు.

“ఎట్ల తీసినవు? ఏం కొట్టినవు?”

“ఆర్‌ఎం కొట్టి స్టార్ పెట్టిన. నువ్వే జెప్పినవు కదా, ఒక్కొక్కటి తీసే పని లేకుంట అన్ని పోతయని.”

ఆర్‌ఎం అంటే ఫైళ్ళను తీసేసే కమాండ్. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. వాడు నిజంగానే కాపీ చేసి తీశాడు, ఫోను పోతుందని వాడికేం తెలుసు. స్టార్ అంటే అన్నీ, కనబడేవీ కనబడనివీ మొత్తం ఊడ్చుకుపోయి ఉంటాయి అని అప్పుడు నేనూ నమ్మాను. కానీ ఇంకొకటి కూడా తెలుసు. తీసేసిన ఫైలు వెంటనే మాయమైపోదు, దాని జాగాలో ఇంకోటి వచ్చి కూర్చునేదాకా డిస్కులో అట్లాగే పడి ఉంటుంది. ల్యాప్‌టాప్ మూసేశాను. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని ఇంటిల్లిపాదికీ చెప్పాను. మర్నాడు తెల్లవారి బస్సుకే దాన్ని ఒళ్ళో పెట్టుకుని మహబూబ్‌నగర్ బయలుదేరాను.

భాయ్ షాపు రైల్వే స్టేషన్‌కు పోయే దారిలోనే ఉంది, అద్దాలు కొత్తవి, మనిషి అదే. గడ్డం తెల్లబడింది. నాయిన సంగతీ, ఫైళ్ళు పోయిన సంగతీ విని నా ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ అందుకున్నాడు. తరువాత “ఏం పోయినయి బేటా?” అని అడిగాడు.

“మల్లన్న పాటలు, భాయ్.”

కూతల మాట ఎత్తలేదు. ఎత్తాలని కూడా తోచలేదు. బయటివాళ్ళ ముందు దాని పేరు ఎత్తకూడదు, ఎత్తలేదు, అంతే. ఆయన నాకు గురువే కావచ్చు, మా మందకు పరాయివాడే.

“ఫికర్ చెయ్యకు. దొరికినంత దొరుకుతది” అని ఆయన డిస్కును జల్లెడ పట్టే ప్రోగ్రాం నడిపించాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అది తిరుగుతూనే ఉంది. ఫైళ్ళు దొరికాయి గానీ పేర్లు పోయాయి, అన్నిటికీ అంకెలే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కొక్కటీ విన్నాను. ఒక పాట సగంలో తెగిపోయి తమ్ముడు దించుకున్న ఏదో సినిమా ఫైటులో కలిసిపోయింది. ఒకదాంట్లో వట్టి గరగర. రెండు మూడు పాటలు చెక్కు చెదరకుండా ఉన్నాయి, నాయిన గొంతు అందులో నిండుగా ఉంది. ఇంకో రోజైతే వాటికే పొంగిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం వాటిని పక్కకు తోసేసి తరువాతదానికి పోయాను. కూత లేదు. చివరిదాకా లేదు.

“నీకు ఏది కావాలె చెప్పు, సగం నేను వింట” అన్నాడు భాయ్.

“వద్దు భాయ్, నేనే వింట.”

ఆయన నా ముఖం వంక వింతగా చూశాడు. కొంచెం నొచ్చుకున్నాడు కూడా. అయినా పని ఆపలేదు. “సరే, దొరికినవి సాఫ్‌గ ఒక దిక్కు పెడ్త. ఆ పాత ఫోల్డర్ ఉత్తదే కదా, దాన్ని తీసేసి గదే పేరు మీద కొత్తది చేస్త” అని నల్ల తెర మీద ఖాళీ ఫోల్డర్‌ను తీసే కమాండ్ కొట్టాడు.

అది పోలేదు. ‘డైరెక్టరీ నాట్ ఎంప్టీ’ అని ఒక వరస వచ్చింది. ఫోల్డర్ ఖాళీగా లేదట.

భాయ్ లోపలేముందో చూపించమని ఇంకో కమాండ్ కొట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ తీయమన్నాడు. ఖాళీగా లేదని మళ్ళీ అదే మాట. “సూస్తే ఖాళీ, అడిగితే ఖాళీ లేదంటాంది. పాత డబ్బా కదా, తిక్క లేసినట్టుంది. జబర్దస్తీ తీసేద్దాం” అంటూ, ఫోల్డర్‌ను దాంట్లో ఉన్నవాటితో సహా లాగేసే కమాండ్ టైపు చేశాడు. ఇక ఎంటర్ కొట్టడమే తరువాయి.

నా రెండు అరచేతులూ కీబోర్డు మీద పెట్టేశాను. “ఆగు భాయ్.”

“ఏమైంది?”

“అందులో ఉన్నయి. పోలేదు.”

“ఏమున్నయి?”

చెప్పాలా వద్దా అని ఆలోచించే టైము కూడా లేదు. ఒక్క వేలు అటు పడితే అయిపోయేది. నేను నోరు మూసుకున్నందుకు ఆ కూతలు ఆయన చేతిలోనే పోయేవి. అంతా చెప్పేశాను. కూతల సంగతి, తాళపుచెవి మాట, చుక్క పెట్టి దాచడం, సంత, బేరగాడు, అన్నం ముట్టని నాయిన. భాయ్ ఎంటర్ మీద నుంచి వేలు తీసేసి, తాను కొట్టిన వరసను అక్షరం అక్షరం వెనక్కి చెరిపాడు. తరువాత దాచినవాటిని కూడా చూపించమని కమాండ్ కొట్టాడు. మూడు పేర్లు వచ్చాయి, మూడిటి ముందూ చుక్కలు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. “నేను బయట చాయ్ తాగొస్త. తలుపు దగ్గరికి వేస్తున్న. నువ్వు విను” అన్నాడు. పరాయివాణ్ణని తానే గుర్తుపెట్టుకుని బయటికి పోయిన ఆ మనిషికి నేను ఇప్పటికీ రంజాన్‌కు ఫోన్ చేస్తాను.

మొదటిదాని మీద నొక్కాను. గాలి హోరు, దూరంగా ఒక గొర్రె అరుపు, ఆ తరువాత నాయిన. గొంతులోంచి పొడుగ్గా లేచి, మధ్యలో నాలుకతో ఒక విరుపు విరిచి, చివర గాలిలోకి వదిలేసిన ఆ కూత. బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆపరేషన్ నాడు కూడా అంత ఏడవలేదు.

భాయ్ తిరిగొచ్చాక ఇద్దరం కూర్చుని ఎందుకిట్లా అయిందో తేల్చుకున్నాం. చనువున్న గురువు కాబట్టి “నాకు గూడ ఇది పక్కాగ తెల్వదు, చేసి చూద్దాం” అన్నాడు. ఒక ఉత్తుత్తి ఫోల్డర్ చేసి, రకరకాల పేర్లతో ఫైళ్ళు పెట్టి, ఆర్‌ఎం స్టార్ కొట్టాం. చుక్కవి మిగిలాయి. లోపల ఇంకో ఫోల్డర్ పెడితే అదీ మిగిలింది, ఇది ఫోల్డర్, నేను తీయనని చెప్పి వదిలేసింది. తీసే కమాండ్‌కు అసలు స్టార్ అంటే ఏమిటో తెలియదు. దానికంటే ముందు షెల్ అనేది ఒకటి ఉంటుంది, మనం కొట్టిన వరసను మొదట అది చదువుతుంది. స్టార్ కనబడగానే ఆ ఫోల్డర్లో ఉన్న పేర్లన్నీ ఏరి స్టార్ బదులు అక్కడ రాసిపెడుతుంది. ఏరేటప్పుడు చుక్కతో మొదలయ్యే పేర్లను ముట్టదు. అవి సిస్టం తనకోసం దాచుకునే ఫైళ్ళు, పొరపాటున చేయి పడకూడదని ఎప్పటి నుంచో ఉన్న మర్యాద అది. ఆ పేర్లు కమాండ్ దాకా చేరనే లేదు, చేరనివాటిని అదెట్లా తీస్తుంది? తమ్ముడు స్టార్ పెట్టి కాపీ చేసినప్పుడు కూడా అంతే. పాటలు ఫోన్లోకి పోయాయి, ఫోనుతో పాటే పోయాయి. కూతలు కాపీ కాలేదు, పోనూ లేదు. నాయిన తమ్ముడికి కూడా చూపించొద్దని కట్టడి చేయకపోతే నేను చుక్క పెట్టేదాన్నే కాదు.

సంత రోజుకు ముందే ఇంటికి చేరాను. చిన్న స్పీకర్ ఒకటి కొని, కార్డులో ఆ మూడు కూతలూ వేసుకుని పోయాను. నాయిన దొడ్డి దగ్గరే ఉన్నాడు. ఏమీ చెప్పకుండా నొక్కాను. దొడ్డిలో ఉన్న గొర్రెలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. నాయిన చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయింది, ఆ రంధ్రం దగ్గర ఆగింది. చాలాసేపటికి ఆయన నవ్వాడు. చప్పుడు లేని నవ్వు, కళ్ళలో నీళ్ళు. అమ్మ ఆ పూటనే బేరగాడికి రావొద్దని కబురు పెట్టింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుని నేను సంబరపడ్డాను. నాయినకు తెలుసు, అయిపోలేదని. కొన్నాళ్ళు స్పీకర్ పట్టుకుని తమ్ముడితో కలిసి గుట్టకు పోయాడు. గొర్రెలు మళ్ళేవి. కానీ స్పీకర్ ఎప్పుడూ ఒకే పొడుగు కూస్తుంది. చేను అంచుకు పోతున్న గొర్రెకు పొట్టి కూత సరిపోతుంది, అడవిలోకి దిగినదానికి గొంతు చించుకోవాలి. యంత్రానికి ఎదుట ఏముందో కనబడదు కదా. వాన పడితే మూగబోయేది. ఒకసారి నడి అడవిలో చార్జింగ్ అయిపోయింది. ఆ రోజు మందను తేవడానికి మళ్ళీ చిన్నాయన రావాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం నాయిన మమ్మల్ని కూర్చోబెట్టుకున్నాడు. స్పీకర్లోంచి కార్డు తీసి నడుముకు చెక్కుకున్నాడు. ఒక వేలు చూపించాడు. తరువాత ల్యాప్‌టాప్ చూపించి, నేల మీద అరచేత్తో రుద్దాడు.

“ఒక్క తావున్నే ఉండాలె అంటున్నడు. దాంట్లకెల్లి తీసెయ్యమంటున్నడు” అంది అమ్మ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “నేను చచ్చి చెడి తెచ్చిన. ఒక్కటే కాపీ ఉంటె అది ఉన్నట్టు గాదు నాయినా. తమ్ముని ఫోన్ ఎట్ల పోయిందో సూసినవు కదా. తియ్య, నేను తియ్య” అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. నేను చెప్పిందంతా విని, సరేనన్నట్టు తల ఊపాడు. రెండో వేలు కూడా తెరిచాడు. ఆ వేలును తీసుకొచ్చి నా గొంతు మీద పెట్టాడు.

“ఆడివిల్లకా?” అంది అమ్మ. మా వాళ్ళలో కూతురికి కూత ఇవ్వరు. ఇంకో ఇంటికి పోయే పిల్ల, కూత ఇంకో దొడ్డికి పోతుందని. నాయిన అమ్మ వంక చూశాడే గానీ వేలు తీయలేదు. తమ్ముడే అన్నాడు, “అక్కకే ఇయ్యి నాయినా. పట్టువట్టి తెచ్చింది ఆమెనే. నాకు ఆమె చెప్తది” అని. వాడి మీద ఆ రోజు దాకా ఉన్న కోపం అంతా అక్కడే పోయింది.

దూరంగా చేస్తున్న ఉద్యోగం మానేసి ఇంటికి దగ్గర్లో కాలేజీ చూసుకున్నాను. పొద్దున లేచి రికార్డు వినేదాన్ని, గుట్ట వెనక్కి పోయి అరిచేదాన్ని. నాయిన ఎదురుగా కూర్చుని తల అడ్డంగా ఊపేవాడు. నా గొంతు సన్నం. నాలుక విరుపు దగ్గర తడబడేదాన్ని. ఆయన నా భుజం మీద వేళ్ళతో దరువు వేసి ఎక్కడ లాగాలో, ఎక్కడ తెంపాలో చూపేవాడు. ఊపిరి చాలక దగ్గు వస్తే వీపు మీద చెయ్యి వేసి, గొంతుతో కాదు కడుపుతో అని నొక్కి చెప్పేవాడు. నోరు లేని మనిషి దగ్గర అరవడం నేర్చుకున్నాను. చాలా రోజులు పట్టింది. విసుక్కున్నాను, ఏడ్చాను, మానేస్తానని బెదిరించాను. మానలేదు.

ఒకరోజు ఆయన అడ్డంగా ఊపలేదు. లేచి ఇంటికి నడిచి, ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. వాదించలేదు. మూడు కూతలనూ పేరు పేరునా కొట్టి తీసేశాను. అప్పుడు నాయిన గొంగడి దూలం మీద నుంచి తీసి నా భుజాన వేశాడు.

ఆ సాయంత్రం గుట్ట మీద మందకు ఎదురుగా నేనూ ఆయనా నిలబడ్డాం. గొర్రెలు దూరంగా అడవి అంచుదాకా పోయి మేస్తున్నాయి. కడుపు నిండా గాలి తీసుకుని కూత వేశాను. ముందు నడిచే పెద్ద గొర్రె తలెత్తింది. నా వంక చూసింది. తరువాత నాయిన వంక చూసింది. అట్లా ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది. దాని వెనక మంద అంతా నిలబడిపోయింది. ఇంకోసారి వేశాను. కదల్లేదు, ఆయన్నే చూస్తోంది.

అప్పుడు నాయిన మందకు వీపు తిప్పి నిలబడ్డాడు. పుట్టిన దగ్గర్నుంచి సాకిన గొర్రెలకు ముఖం చూపకుండా అటు తిరిగిపోయాడు. నేను మూడోసారి కూత వేశాను. పెద్ద గొర్రె మెల్లగా నా దిక్కు మళ్ళింది.